కంబళి చుట్టిన గాజు గొట్టం

మారెన్నకు కోపం ఇన్స్పెక్టరు వచ్చిన రోజున పుట్టింది కాదు. జూన్ నెలలో ఉద్యోగంలో చేరిన వారానికే పుట్టింది. అప్పటినుంచి దాన్ని అన్నం ముద్దలతోపాటు మింగుతూ వచ్చాడు. మింగిన కోపం అరగదని అతనికి తెలియదు.

కమలాపురం దగ్గర ఒక పల్లెలో, మాలవాడలో పుట్టాడు. ఆ వాడలో బి.యస్సీ. చదివిన మొదటివాడు అతనే. సర్కారు అతన్ని పత్తికొండకు పడమటి దిక్కున ఉన్న ఒక ఊరి హైస్కూలుకు సైన్సు మాస్టరుగా వేసింది. వద్దనడానికి స్కూలు వాళ్లకు వీల్లేదు, ఆర్డరు కర్నూలు నుంచి వచ్చింది. అందుకని హెడ్మాస్టరు అతన్ని గదిలోకి పిలిచి కూర్చోమనకుండా మాట్లాడాడు.

"చూడవయ్యా సైన్సూ, నువ్వు చదువుకున్నవాడివి, అర్థం చేసుకుంటావు. పాఠం చెప్పు, బోర్డు మీద రాయి, ఎవరూ కాదనరు. ఆ గాజు గొట్టాలున్నాయే, అవి నువ్వు పట్టుకొని పిల్లల చేతికిస్తేనే తంటా. ఊరి పెద్ద బసవన్నగౌడు అప్పుడే మనిషిని పంపాడు. అందుకని ఒక ఉపాయం చేశాను."

మిగతా మాస్టర్లందరినీ పేరు చివర 'గారు' పెట్టి పిలిచే ఆ మనిషికి మారెన్న పేరు నోటికి రాలేదు. ఎప్పుడూ 'సైన్సూ' అనే పిలిచేవాడు.

ఉపాయం ఆయన సొరుగులో ఉంది. నల్ల కంబళి ముక్కలు కత్తిరించి, పరీక్షనాళిక పట్టేటంత సంచుల్లాగా కుట్టించాడు. మాస్టరు నాళికను ఆ తొడుగులో దించాలి. పిల్లలు తొడుగును పట్టుకోవాలి.

"ఉన్నికి అంటు లేదు. మా ఇళ్లలో మడిబట్ట ఆరకపోతే ఉన్ని ధావళి కట్టుకోమూ? ఇదీ అంతే. నీ గౌరవానికీ లోటు లేదు, వాళ్ల ఆచారానికీ లోటు లేదు" అన్నాడు హెడ్మాస్టరు, పెద్ద ధర్మసందేహం తీర్చినవాడిలా.

ఏడాదిపాటు నెగ్గుకొస్తేగానీ ఉద్యోగం ఖాయం కాదు. ఇంటి దగ్గర తల్లి గిడ్డమ్మ, కొడుకు కుర్చీలో కూర్చుని పాఠం చెబుతున్నాడని వాడంతా చెప్పుకుని తిరుగుతోంది. మారెన్న ఆ తొడుగులు తీసుకున్నాడు. "మంచిదండీ" అని కూడా అన్నాడు. తర్వాత చాలా రాత్రులు ఆ 'మంచిదండీ' గుర్తొచ్చి లేచి కూర్చునేవాడు.

స్కూలు ప్రయోగశాల అంటే నాపరాళ్లు పరిచిన ఒక గది, పొడుగాటి రాతి బల్ల, తాళం పడని ఒక బీరువా. ఉన్న రెండు ఉష్ణమాపకాల్లో ఒకటి పగిలింది. రెండోది పగలకూడదని హెడ్మాస్టరు తన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. అందుకని రసాయన చర్యలో వేడి పుట్టిందో పోయిందో చేత్తో పట్టుకునే చూడాలి. నాళికలో సున్నం మీద నీళ్లు పోస్తే కాలుతుంది. నవాసారం, అదే అమ్మోనియం క్లోరైడు, నీళ్లలో కలిపితే నీళ్లు జివ్వుమని చల్లబడతాయి. మొదటిదానికి తొడుగు అడ్డం వచ్చినా కాసేపటికి వేడి ఉన్నిలోంచి దిగి చేతికి తెలిసేది. రెండోదాని దగ్గరే వచ్చింది చిక్కంతా.

"ఏమిరా, ఎట్లుంది?" అని అడిగేవాడు మారెన్న.

"గరుకుగా ఉండాది సార్" అనేవాడు జిలాని బాషా. క్లాసు నవ్వేది.

చివరికి మారెన్న గోడ వైపు చూస్తూ, "రాసుకోండి. నవాసారం నీటిలో కరుగునప్పుడు ద్రావణము చల్లబడును. ఇది ఉష్ణగ్రాహకము" అని చెప్పేవాడు. పిల్లలు రాసుకునేవాళ్లు. ఏ ఒక్కరూ ఆ చల్లదనం ఎరగరు. తానొక్కడే ఎరుగును. ఒట్టి చేత్తో నాళిక పట్టుకుని కలిపేది తానే కదా. ఆ చలువ వేళ్లకు తగిలినప్పుడల్లా ఒళ్లు మండిపోయేది.

జనవరిలో కర్నూలు నుంచి ఇన్స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, మాటిమాటికీ గడియారం చూసుకునేవాడు. ఆ ఏడు ఎస్సెస్సెల్సీకి కూర్చునే ఇరవైమందినీ రాతిబల్ల చుట్టూ నిలబెట్టించాడు. హెడ్మాస్టరు ఆయన వెనకాలే నిలుచున్నాడు.

"నవాసారం కలపండి మాస్టారూ" అన్నాడు ఇన్స్పెక్టరు. మారెన్న కలిపి, తొడుగులో దించి బల్ల మీద పెట్టాడు. గౌడు కొడుకు వీరేశు అందుకుని నోరు తెరవబోయాడు.

"ఆగు. పుస్తకంలోది నాకొద్దు. పట్టుకుని, నీ చేతికి ఏం తెలుస్తోందో అది చెప్పు. వేడా, చలువా?"

వీరేశు తొడుగును గట్టిగా పట్టుకున్నాడు. మాఘ మాసపు పొద్దు, గది నిండా చలి. చేతిలో మందపాటి కంబళి. వాడు ఉన్నమాటే చెప్పాడు.

"వెచ్చగా ఉండాది సార్."

ఇన్స్పెక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. పక్కనున్న సుంకులమ్మకు ఇప్పించాడు. ఆ పిల్ల రెండు చేతులా పట్టుకుంది. "వెచ్చగానే ఉండాది సార్." తర్వాతివాడూ అంతే. అట్లా తొడుగు బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. ఇరవైమందీ వెచ్చగా ఉందనే అన్నారు.

"ఏం చెబుతున్నారండీ మీరు వీళ్లకు? చిన్నపిల్లలకు తెలిసే సంగతి ఇది!" అన్నాడు ఇన్స్పెక్టరు.

"కొత్త మనిషండీ" అన్నాడు హెడ్మాస్టరు మెల్లగా. "పైనుంచి వేశారు. మేం కోరుకున్నది కాదు."

"ఈ గుడ్డలేమిటి?"

"గాజు కదండీ. పిల్లకాయలు పడేస్తారు. సర్కారు సొమ్ము పగలకూడదని నేనే కుట్టించాను."

వెనక జిలాని బాషా ఫక్కుమన్నాడు. హెడ్మాస్టరు ఉరిమి చూస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మారెన్న చెవులు గుయ్యిమన్నాయి. తనను అంటరానివాణ్ని చేసింది చాలక, ఆ చేసిన పనికి ఇంకో పేరు పెడుతున్నాడు ఈ మనిషి. పైగా తప్పు తన బోధనదట.

ఇన్స్పెక్టరు సంచిలోంచి ఒక కాగితం తీశాడు. ఇరవైమంది విద్యార్థులూ ఈ ప్రయోగం చేతులారా చేసి గమనించారని సైన్సు మాస్టరు సంతకం చేయాలి. అది కర్నూలు చేరితేనే పిల్లలు పరీక్షకు కూర్చుంటారు. "సంతకం చేయండి. బోధన సంగతి నేను వేరే రాస్తాను."

"నేను చేయనండీ" అన్నాడు మారెన్న.

"ఏమిటి?"

"చేతులారా చేయలేదండీ వీళ్లు. చల్లదనం ఒక్కరి చేతికీ తగల్లేదు. ఆ కంబళి గాజు కోసం కుట్టించింది కాదు, నా కోసం కుట్టించింది. నేను మాలవాణ్ని. నేను పట్టుకున్న గొట్టం పిల్లలు ముట్టుకోకూడదని కుట్టించారు. మీరే అడగండి వాళ్లను."

 వీరేశు తల దించుకున్నాడు. ఇన్స్పెక్టరు ముఖంలో రకరకాల రంగులు మారాయి. ఆయన ఏదో అనబోయి, గడియారం చూసుకున్నాడు.

"మీ లోపలి గొడవలు మీరు సర్దుకోండి. ఈ శనివారం లోపల సంతకం నాకు చేరాలి. లేకపోతే పిల్లలకు ఏడాది పోతుంది, ఆ పాపం మీదే" అని కాగితం బల్ల మీదే వదిలేసి బస్సుకు వెళ్లిపోయాడు.

ఆయన అటు పోగానే హెడ్మాస్టరు పిల్లల్ని బయటికి పంపి తలుపు మూశాడు.

"ఎంత పొగరు నీకు! నిన్నెవరన్నా ఒక్క మాటన్నారా? ఒప్పుకుని తీసుకున్నావు కదా ఆ తొడుగులు!"

"ఒప్పుకున్నాను. సిగ్గులేక ఒప్పుకున్నాను. ఇప్పుడు సిగ్గు వచ్చింది."

"పైపెచ్చు ఇన్స్పెక్టరు ముందర కులం పేరెత్తుతావా?"

"మీరు ఎత్తకుండానే చేశారు కాబట్టి నేను ఎత్తాల్సి వచ్చింది. అంటరానితనం నేరమని చట్టం వచ్చి రెండేళ్లు దాటింది."

హెడ్మాస్టరు నవ్వాడు. "చట్టంలో కంబళి మాట ఎక్కడుందో చూపించు!"

ఆ నవ్వుకు మారెన్న చెయ్యి లేవబోయింది. కింద ఉన్న బల్ల అంచును పట్టుకుని ఆపుకున్నాడు. "పిల్లలు ఒట్టి చేత్తో గొట్టం పట్టుకుంటే సంతకం పెడతాను. లేకపోతే పెట్టను. ఉద్యోగం తీసేయించుకోండి" అని బయటికొచ్చాడు.

ఊళ్లో అతనికి గది ఇచ్చింది జిలాని బాషా తండ్రి లాల్ అహమ్మద్ ఒక్కడే. ఇత్తడి గిన్నెలకు కళాయి పూస్తాడు. బడి నవాసారం అయిపోయినప్పుడు మారెన్న తెచ్చుకునేది కూడా అతని దగ్గరే. ఆ సాయంత్రం తిత్తి ఊదుతూ లాల్ అహమ్మద్ తల ఎత్తకుండానే పలకరించాడు.

"జిలాని చెప్పినాడు సార్. మంచి పని చేసినావు. నువ్వు ముట్టుకుంటే పనికిరాదనేటోళ్లు, నేను ఉఫ్‌మని ఊది కళాయి పూసిన గిన్నెలోనే కదా పాలు తాగేది!"

మారెన్నకు పొద్దుటినుంచి మొదటిసారి నవ్వొచ్చింది. కానీ లాల్ అహమ్మద్ నవ్వలేదు. తిత్తి ఆపి, చేతులు తుడుచుకున్నాడు.

"ఒక మాట చెబ్తా సార్, కోపగించుకోవద్దు. సంతకం పెట్టేయ్."

"నువ్వు కూడానా లాల్‌భాయ్?"

"మావోడు గూడా ఆ ఇరవైమందిలో ఉండాడు కదా. మా ఇంట్లో ఇంగ్లీషు అచ్చరం సూసినోడు వాడొక్కడే. గౌడు కొడుక్కి ఈ ఏడు పోతే వచ్చే ఏడు సదువుతాడు. మావోడికి పోతే ఈ తిత్తే గతి."

"జిలాని నా కంచంలోనే తింటాడు. వాడికేం, వాడు ముట్టుకుంటాడు."

"కాగితం అందరికీ కలిపి ఒకటే అంట కదా సార్."

 మారెన్నకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. గౌడు మీదైతే తేలిక. హెడ్మాస్టరు మీదైతే ఇంకా తేలిక. తనకు అన్నం పెట్టి, చాప ఇచ్చి, ఊరంతా వెలివేస్తారేమో అని కూడా చూడని మనిషి చేతులు తుడుచుకుంటూ అడుగుతుంటే ఆ కోపం ఎటూ పోలేక లోపలే తిరిగింది. "రేపు చూద్దాం" అని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఆ పూట అన్నం తినలేదు. ఆ తొడుగు మొదటి రోజే విసిరికొట్టి ఉంటే ఈ పిల్లల మెడ మీదికి ఇది వచ్చేది కాదు కదా అని తనను తానే తిట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బసవన్నగౌడే బడికి వచ్చాడు. ఎర్ర పంచె, చేతిలో వెండి పొన్ను కర్ర. ప్రయోగశాల గడప అవతలే ఆగిపోయాడు.

"ఏమప్పా మారెన్నా, పిల్లోల్ల బతుకుల్తో ఆటలాడుకుంటాండావంట?"

"ఆట కాదు గౌడుగారూ. పాఠం."

"పాఠమా! మా కాలంలో పాఠమంటే పలకా బలపమే. రాజధాని కర్నూల్లో ఉన్నన్నాళ్లూ మా మాట ఒకటి చెల్లుతాండె. హైదరాబాదుకు పోయినంక ప్రతోడూ మాకు సట్టాలు సెప్పేటోడే!" కర్రతో గుమ్మాన్ని తట్టాడు. "సరే, మొండోడితో నాకేంటికి. పిల్లోల్లు ముట్టుకుంటారు. సంతకం పెడతావా?"

గౌడు ఇంత తొందరగా దిగివస్తాడని మారెన్న అనుకోలేదు. "పెడతాను" అన్నాడు.

"ఇంటికి పోయి తలకు నీళ్లు పోసుకుంటార్లే. ఆడోల్లు అప్పుడే కాగుల్లో నీళ్లు ఎక్కించినారు. ఒక్క పూటతో పోయేదానికి ఏడాది ఎందుకు పోగొట్టుకోవల్ల?"

పిల్లల ముందే అన్నాడు ఆ మాట. మామూలుగా అన్నాడు, ఎద్దులకు నీళ్లు పెట్టమన్నట్టు. మారెన్న ముఖం నల్లబడింది. ఒక్క నిమిషం, ఈ ప్రయోగమూ వద్దు ఈ కాగితమూ వద్దు, పొండి అందామనిపించింది. తలుపు దగ్గర నిలుచున్న జిలాని బాషా కళ్లు కనిపించాయి.

"పోసుకోండి. నాకు కావాల్సింది చేతికి చలువ తగలడం. ఆ తర్వాత మీరు గంగలో మునిగినా నాకక్కర్లేదు" అన్నాడు.

"ఇంకోటి. నీ సేతిలోంచి ముందు సాయిబుల పిల్లోడు తీసుకుంటాడు. ఆ తర్వాత వరసగా. మావోడు ఆఖర్న. అంతమంది సేతులు మారి వస్తే కొంచెం నయం."

హెడ్మాస్టరు, "అదీ సబబే" అన్నాడు.

మారెన్న పళ్లు కొరికాడు.  నాళికలో నీళ్లు పోశాడు. నవాసారం చెంచాతో వేశాడు. నాళిక మూతి బొటనవేలితో మూసి ఊపాడు. గాజు లోపల తెల్లటి పొడి తిరిగి తిరిగి కరిగింది. వేళ్లకు చలువ ఎక్కింది. నాళిక చాచాడు.

జిలాని బాషా లాగేసుకున్నాడు. "యా అల్లా! మంచు సార్!" అని కేకేశాడు. "రోజూ ఇదేనా సార్ ఈ గొట్టంలో ఉండేది? మాకు కంబళి పట్టుకోనిచ్చి మీరొక్కరే ఇది పట్టుకుంటాంటిరా!" క్లాసు గొల్లుమంది. గడప అవతల గౌడు కూడా మీసం కింద నవ్వాడు. సుంకులమ్మ అందుకుని చెంపకు ఆనించుకుంది. హెడ్మాస్టరు "చేత్తో చాలమ్మా, చేత్తో" అని అరిచాడు. ఆ పిల్ల వినలేదు. కళ్లు మూసుకుని ఇంకో చెంపకు కూడా ఆనించుకుని గానీ ఇవ్వలేదు. నాళిక చేతులు మారింది. ఒకడు తీసుకోగానే ఇంకొకడు "నాకియ్యిరా, ఎంతసేపు పట్టుకుంటావు" అని గుంజుకున్నాడు. వరస చివర ఉన్న వీరేశు తన వంతు కోసం మునివేళ్ల మీద లేచి చూస్తున్నాడు.

చివరికి నాళిక వాడి చేతికి వచ్చింది. వాడు పట్టుకున్నాడు. తిప్పి పట్టుకున్నాడు. గుప్పెట బిగించాడు.

"ఏం తెలుస్తోంది?" అని అడిగాడు మారెన్న.

వీరేశు తండ్రి వైపు చూశాడు, మాస్టరు వైపు చూశాడు. "సల్లగా లేదు సార్. వెచ్చగా ఉండాది."

గౌడు కర్ర నేలకు కొట్టి నవ్వాడు. "సూస్తివా! కంబళి ఉన్నా వెచ్చగానే ఉండాదంటారు, లేకున్నా వెచ్చగానే ఉండాదంటారు. ఇదీ నీ సైన్సు! దీనికింత రగడ సేస్తివే!"

"చల్లగా ఉందని చెప్పరా పిచ్చివాడా. అందరూ చెప్పారు కదా" అన్నాడు హెడ్మాస్టరు. "రాసుకోవయ్యా సైన్సూ, చల్లబడును అని. సంతకం పెట్టు, అయిపోయింది."

మారెన్న వీరేశు చేతిలోంచి నాళిక తీసుకుని చూశాడు. నిజమే. ఇరవైమంది గుప్పెళ్ల వేడి అందులోకి దిగింది.

"వాడు చెప్పిందే రైటు" అన్నాడు. "పుస్తకంలో ఏముందో తెలిసి కూడా, చేతికి తెలిసిందే చెప్పాడు. గౌడుగారూ, మీ కొడుక్కి చలువ తగలకుండా చేసింది నేను కాదు, సైన్సు కాదు. మీరు పెట్టిన వరస. ఇంతమంది చేతులు మారితే చలువ మిగలదు. వాడు ఈ ప్రయోగం చేయలేదు. నేను సంతకం పెట్టను."

"మల్లా మొదలుపెడితివా!" గౌడు గొంతు లేచింది. "ఏం సేయమంటావు ఇప్పుడు?"

"మళ్లీ కలుపుతాను. నా చేతిలోంచి వాడే తీసుకోవాలి. మధ్యలో ఇంకెవరూ ఉండకూడదు."

 హెడ్మాస్టరు పైకండువాతో ముఖం తుడుచుకున్నాడు. మారెన్న ఎవరి అనుమతీ అడగలేదు. కొత్త నాళిక తీసి నీళ్లు పోశాడు. నవాసారం రెండు చెంచాలు ఎక్కువే వేశాడు. కొంత పొడి బల్ల మీద చిందింది. ఊపి, చెయ్యి చాచాడు.

"రారా వీరేశా! ఇంటికి నడువు! నీళ్లు కాగి సల్లారిపోతాండాయి" అన్నాడు గౌడు.

వీరేశు ఒక అడుగు గడప వైపు వేశాడు. ఆగాడు. పక్కన సుంకులమ్మ ఇంకా చెంప తడుముకుంటూనే ఉంది. వాడు ఆ పిల్లను చూశాడు, జిలానిని చూశాడు.

"ఉండు నాయనా. అందరికీ తగిలింది. నాకే తగల్లేదు" అన్నాడు.

"రమ్మంటాంటే..."

"యాడికి పోతాయి నీళ్లు, వస్తా ఉండు!" అని తండ్రి మీద విసుక్కుని, మారెన్న ముందుకొచ్చి నిలబడ్డాడు. నాళిక సన్నం. మాస్టరు వేళ్లు తగలకుండా అందుకోవడానికి చోటు లేదు. వాడు చోటు వెతకలేదు. పట్టుకున్నాడు.

"అబ్బ!" అన్నాడు. చెయ్యి వెనక్కి లాగబోయి, మళ్లీ గట్టిగా పట్టుకున్నాడు. "వేళ్లు కొంకర్లు పోతాండాయి సార్."

"ఏం గమనించావో చెప్పు." మారెన్న గొంతు ఇంకా కఠినంగానే ఉంది.

"సల్లబడింది సార్. శానా సల్లబడింది. యాడిది సార్ ఈ సలువ, పొడిలోదా, నీళ్లలోదా?"

ఏడు నెలలుగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మారెన్న బోర్డు దగ్గరికి పోయి, గడప అవతల గౌడు నిలుచునే ఉండగా, పొడి కరగడానికి కావాల్సిన వేడిని నీళ్లలోంచి ఎట్లా లాక్కుంటుందో చెప్పాడు. నీళ్లలో చాలకపోతే గాజులోంచి, గాజులో చాలకపోతే పట్టుకున్న చేతిలోంచి లాక్కుంటుందని చెప్పాడు. వీరేశు నాళిక వదలకుండానే విన్నాడు. గౌడు ఒకటికి రెండుసార్లు దగ్గి, "వచ్చేటప్పుడు పెరటి దోవన రా" అని కొడుకుతో చెప్పి వెళ్లిపోయాడు.

పిల్లలు పోయాక హెడ్మాస్టరు కాగితం, కలం బల్ల మీద పెట్టాడు. ఏమీ జరగనట్టు మెత్తగా మాట్లాడాడు.

"అయ్యిందేదో అయ్యింది. సంతకం పెట్టి కింద నవంబరు తేదీ వెయ్యి. ఇన్స్పెక్టరు రాకముందే ఆ ప్రయోగం అయినట్టుంటుంది. నీకూ మంచిది, బడికీ మంచిది. నీ ఉద్యోగం ఖాయం చేయమని నేను రాస్తాను."

మారెన్న కలం తీసుకున్నాడు. సంతకం చేశాడు. కోపం చల్లారలేదు. ఊళ్లో ఇప్పుడు ఇళ్ల వెనక ఎందరో పిల్లల నెత్తిన చెంబులతో నీళ్లు పోస్తున్నారని అతనికి తెలుసు.

"నవంబరులో వీళ్లు కంబళి పట్టుకున్నారు. గొట్టం పట్టుకున్నది ఈరోజు" అని, ఆనాటి తేదీ వేసి కాగితం ఆయన వైపు తోశాడు.